పాండిచ్చేరిలో బీచ్ పక్కన పాడ్ హాస్టలంట, ఇద్దరం ఆడపిల్లలం ఉండొచ్చా?

ఒంగోలు_అమ్మడు:

హాయ్ అందరికీ. మాది ఒంగోలు, ఇక్కడే ఒక ఆడిటర్ గారి ఆఫీసులో చేస్తున్నా. మా పిన్ని కూతురు నెల్లూర్లో బీఫార్మసీ, దానికి పరీక్షలు అయిపోయినయి నాకు రిటర్నుల హడావుడి తగ్గింది, ఇద్దరం కలిసి పాండిచ్చేరి పోయి మూడు రాత్రులు ఉండొద్దామని ప్లాన్. పెద్దోళ్ళు ఎవరూ రావట్లా, ఇట్టా మేమిద్దరమే పోవడం ఇదే మొదలు.

శని ఆదివారాలు కలిసేసరికి హోటల్ రూముల రేట్లు చూస్తే కళ్ళు తిరిగినయి. చూసీ చూసీ సెరెనిటీ బీచ్ వైపు ఒక పాడ్ హాస్టల్ కనపడింది, మనిషికి రాత్రికి 750. ఫోటోల్లో గోడకి వరసగా గూళ్ళు, కింద ఒకటి పైన ఒకటి, ఒక్కోదానికి తెర, లోపల పరుపు, చిన్న లైటు, ప్లగ్గు. నాకు ముద్దుగానే అనిపించింది. మా అమ్మకి చూపిస్తే "ఇదేందే, పెద్దాసుపత్రిలో శవాల గదిలాగా ఉంది" అని ఫోను పక్కన పడేసింది. నాన్న ఏమీ అనలా, ఆయన ఏమీ అనకపోతే వద్దనే అర్థం.

నా డౌట్లు ఏందంటే, ఆడోళ్ళకి విడిగా ఆరు పాడ్ల రూము ఉంది, ఆడామగా కలిపి పన్నెండు పాడ్ల రూము ఉంది, రెండోది 150 తక్కువ, నిజంగా తేడా ఉంటదా లేక ఊరికే భయపడుతున్నామా. తెరకి గడియ ఉండదు కదా, రాత్రి నిద్ర పట్టిద్దా. ఫోన్లు, డబ్బులు, మెళ్ళో గొలుసు ఏం చెయ్యాలి. బాత్రూములు అందరికీ కలిపేనా. సముద్రంలో తడిసొస్తే బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలి (ఇది మా చెల్లి అడగమంది, దానికి నీళ్ళు కనపడితే ఆగదు). ఉండొచ్చినోళ్ళు చెప్పండి, ఊహించి మాత్రం చెప్పొద్దు ప్లీజ్.

సైడ్_అప్పర్:

నాది కావలి. పోయినేడాది పాండిలోనే రెండు రాత్రులు ఇలాంటి దాంట్లో ఉన్నా, మీరు చూసిందో కాదో తెలీదు. రైల్లో సైడ్ అప్పర్ బెర్తులో ఎప్పుడన్నా పడుకున్నారా, దానికన్నా పొడుగు, కూర్చుంటే తల తగలదు, ఊగదు, అర్ధరాత్రి చాయ్ చాయ్ అని అరిచేవాడు ఉండడు, అంతే. నేను ఆరడుగులు కాబట్టి కాళ్ళు కాస్త ముడుచుకున్నా, మీకా బాధ రాకపోవచ్చు.

అసలు మనకిది కొత్తేం కాదండీ. తిరుమల్లో పీఏసీలో (యాత్రికుల ఉచిత వసతి భవనం) లాకరు తీసుకుని హాల్లో చాపేసుకుని అంతమంది మధ్యలో పడుకోలేదా, పెళ్ళి విడిదిలో జంపఖానా మీద వరసగా పడుకోలేదా, ఇక్కడ మనిషికీ మనిషికీ మధ్య చెక్క పెట్టి దానికి డబ్బులు తీసుకుంటారు. మీ అమ్మగారికి తిరుమల పేరు చెప్పి చూడండి, పని జరగొచ్చు.

ప్రయాణం గురించి అడగలేదు గానీ చెప్తా. కాకినాడ నుంచి వచ్చే సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు పాండి దాకా పోతది, రాత్రి మీరు ఒంగోల్లో ఎక్కితే మీ చెల్లి నెల్లూర్లో ఎక్కొచ్చు. బస్సయితే మన వైపు బస్సులు చెన్నైలో మాధవరం దగ్గర దించేస్తాయి, అక్కణ్ణించి లగేజీతో ఊరంతా దాటి పాండి బస్సు పట్టుకునేసరికి సగం ఓపిక అక్కడే అయిపోద్ది. రైలుతో ఒక్కటే తంటా, అది పొద్దున దింపుద్ది, హాస్టల్లో చెక్ఇన్ మధ్యాహ్నం ఒంటిగంటకో రెండింటికో ఉంటది. బ్యాగులు పెట్టుకోనిస్తారు గానీ స్నానం చెయ్యనిస్తారో లేదో ముందే ఫోన్ చేసి అడగండి. నన్ను చెయ్యనివ్వలా, రైలు జిడ్డుతో మూడు గంటలు సోఫాలో కూర్చుని వాళ్ళ చేపల తొట్టి చూస్తా ఉన్నా.

పెన్నాగట్టు:

అమ్మాయీ, నేను నెల్లూరు, మూలాపేట. ప్రైవేటు స్కూల్లో చెప్తుండా, ఇద్దరు పిలకాయల తల్లిని. పోయిన దసరా సెలవల్లో మా స్కూలు టీచర్లం నలుగురం మొగుళ్ళకి పిలకాయల్ని అప్పజెప్పి పాండి పోయినాం, పాడ్లలోనే ఉన్నాం. కాబట్టి ఊహించి చెప్పడంలా.

ఆ 150 దగ్గర లెక్క చూసుకోబాక, ఆడోళ్ళ రూమే తీసుకో. కలిపి ఉండే రూము చెడ్డదని కాదు, అందులో ఉన్న పిలకాయలు కూడా మర్యాదగానే ఉండారు, మాతో కేరమ్స్ కూడా ఆడినారు. సంగతి ఏందంటే పాడ్‌లో నిలబడలేవు. బట్టలు మార్చుకోవాలంటే పడుకునే మార్చుకోవాల, పాము కుబుసం విడిచినట్ట. ఆడోళ్ళ రూమైతే తలుపేసుకుని కిందకి దిగి మార్చుకుంటావు, కలిపి ఉండే రూమైతే ప్రతిసారీ బాత్రూముకి పరిగెత్తాల, ఆడ పొద్దున ఏడింటికి లైను. ఆడోళ్ళ రూముకి బాత్రూము లోపలే ఉండాదా బయట వరండాలో ఉండాదా అని కూడా అడుగు, ఫోటోల్లో అది చూపించరు.

తెర సంగతి. మాకిచ్చిన తెరలు అటుపక్క జానెడు ఇటుపక్క జానెడు తక్కువ, ఎవరు నడిచినా వాళ్ళ కాళ్ళు కనపడతయి. బట్టల క్లిప్పులు నాలుగు, ఒక పాత చున్నీ పట్టకపో, సందుల్లో బిగించుకుంటే ఇంక నీ ఇల్లే అది. మొదటి రాత్రి నాకు నిద్ర పట్టలా, భయంతో కాదు, ఒక పిల్ల నాలుగున్నరకి అలారం పెట్టుకుని తను మాత్రం లేవలా. రెండో రాత్రి నేను చచ్చినట్ట నిద్రపోయినా.

గొలుసు ఇంట్లో పెట్టిపో, చర్చే లేదు. లాకరు ఉంటది గానీ తాళం చాలాచోట్ల మనదే, చిన్న తాళంకప్ప రెండు తాళంచెవులది తీసుకో, ఒకటి నీ దగ్గర ఒకటి చెల్లి దగ్గర. ఆధార్ జిరాక్స్ అడిగితే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వు, ఆఖరి నాలుగు అంకెలే కనపడతయి, ఒరిజినల్ కార్డు చూపించి వెనక్కి తీసేసుకో. ఇంకోటి, సామాన్లు ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకోబాక. తెల్లారుజామున సూర్యోదయానికి పోదామని మా సైన్సు టీచరు కవర్లు తీస్తుంటే ఆ గరగర శబ్దానికి రూమంతా లేచి కూర్చుంది. గుడ్డ సంచులు వాడు.

గిద్దలూరు_గోవా:

మాది గిద్దలూరు. మాకు గోవా దగ్గరే తెలుసా, అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే వాస్కో. అక్కడ బీచ్ పక్కన పాడ్ హాస్టల్ అని బుక్ చేశా, పాడ్ బాగుంది, పరుపు బాగుంది, కానీ నా తలకాయకి సరిగ్గా పైన డాబా మీద బారు. రాత్రి రెండింటి దాకా డబ్ డబ్ డబ్, పాడ్ గోడ కూడా దానికి తాళం వేస్తుంది. రిసెప్షన్లో అడిగితే "సార్ మీరు కూడా పైకి రండి" అన్నాడు, ఏం చెప్పాలి వాడికి.

అందుకని బుక్ చేసేముందు ఐదు చుక్కల రివ్యూలు వదిలేసి రెండు చుక్కలవి చదవండి, అది కూడా ఈ మధ్య రాసినవి. వైబ్ అనే మాట పదిసార్లు కనపడితే నిద్ర ఉండదని అర్థం. నిశ్శబ్దంగా ఉంది, బోర్ కొట్టింది అని ఎవడన్నా తిట్టి ఉంటే అది మీకు కావాల్సిన చోటు.

కందుకూరు_గురక:

నాకు 51 ఏళ్ళు, పేరులోనే నా సంగతి పెట్టుకున్నాను. మా అబ్బాయితో కలిసి విశాఖ పోయినప్పుడు వాడు బీచ్ రోడ్డు వైపు ఇలాంటిదే ఒకటి చూశాడు, బుక్ చేయబోతే 45 దాటినవాళ్ళని తీసుకోరట. నా జీవితంలో వయసు ఎక్కువైందని బయటికి పంపింది అదే మొదటిసారి. ఇంకోచోట తీసుకున్నారు. పొద్దున లేచి చూస్తే నా పైన పాడ్‌లో పడుకున్న ఎవరో కుర్రాడు లేడు, కింద హాల్లో సోఫా మీద దిండు చెవులకి కట్టుకుని పడుకుని ఉన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, టిఫిన్ ఇప్పించి సారీ చెప్పాను.

అమ్మా, పాడ్ చుట్టూ చెక్క ఉంటుంది కదా శబ్దం రాదు అనుకోవద్దు, తెర వైపు నుంచి మొత్తం వస్తుంది. మెడికల్ షాపులో చెవుల్లో పెట్టుకునే మెత్తటివి దొరుకుతాయి, తీసుకెళ్ళండి. ఆడవాళ్ళ రూము అంటున్నారు కాబట్టి మీకు గురక బాధ ఉండదులే.

రిసెప్షన్_మాజీ:

మాది సింగరాయకొండ. డిగ్రీ అయ్యాక పనీపాటా లేక వర్కలలో ఒక బీచ్ హాస్టల్లో మూడు నెలలు చేశా, తిండీ పడకా ఫ్రీ జీతం లేదు, అందుకని కౌంటర్ అవతలి నుంచి చెప్తా.

పాడ్ అనేది అసలు బీచ్ కోసం పుట్టింది కాదు. జపాన్‌లో ఒసాకాలో 1979లో మొదలుపెట్టారు, కిషో కురోకావా అనే ఆర్కిటెక్టు డిజైన్ చేశాడు, ఆఫీసులో లేటై ఆఖరి రైలు తప్పిపోయినోళ్ళు రాత్రికి పడుకుని పొద్దున్నే మళ్ళీ పనికి పోడానికి. అంటే వచ్చేవాడు పొడిగా వస్తాడు, చేతిలో ఒక బ్యాగు, ఒక్క రాత్రి. ముంబై సెంట్రల్ స్టేషన్లో 2021లో పెట్టారు, మన విశాఖ స్టేషన్లో 2025లో పెట్టారు, మూడు గంటల సేపటికి కూడా ఇస్తారు, అక్కడ అది అతికినట్టు సరిపోయింది. దాన్నే తీసుకొచ్చి సముద్రం పక్కన పెడితే మనిషి తడిసి, కాళ్ళకి ఇసకతో, ఉప్పు కారతా, మూడు జతల తడిబట్టలతో వస్తాడు. నేను చేసిన మూడు నెలల్లో వచ్చిన కంప్లయింట్లు దొంగతనాల మీదా కాదు మగాళ్ళ మీదా కాదు, ముప్పాతిక భాగం తడి మీదే. పక్క పాడ్ వాళ్ళ టవల్ కంపు, పై పాడ్ నుంచి మొహం మీద పడ్డ ఇసక, బాత్రూము జాలీ ఇసకతో పూడుకుపోయి చీలమండ దాకా నీళ్ళు.

కాబట్టి మీ చెల్లి అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న. హాస్టల్‌కి ఫోన్ చేసి ఏసీ ఉందా వైఫై ఉందా అని అడక్కండి, ఉందనే చెప్తారు. బయట గేటు దగ్గర కాళ్ళు కడుక్కోడానికి కుళాయి ఉందా, బట్టలు ఆరేసే తీగ డాబా మీద ఉందా, డాబా ఎన్ని గంటలకి మూస్తారు, ఈ మూడూ అడగండి. కుళాయి ఉందంటే వాళ్ళు బీచ్ తెలిసినోళ్ళు. లేదంటే రోజూ రాత్రి ఇసకలోనే పడుకుంటారు మీరు. సముద్రం పక్క గాల్లో తేమకి రూములో ఆరేస్తే రాత్రికి ఆరవు, పొద్దున్నే ముక్కిన వాసన, దానికి తోడు కొన్నిచోట్ల ఏసీ రాత్రి మాత్రమే వేస్తారు పగలు తలుపులు మూసి ఉంటాయి. లోపలికి పోగానే పరుపు అంచు ఎత్తి వాసన చూడండి, సిగ్గుపడొద్దు. ప్లైవుడ్ పాడ్‌లు తేమ పీల్చుకుంటాయి, ఫైబర్‌వి అయితే తుడిస్తే పోద్ది. ఆ పాడ్‌లో చిన్న ఫ్యానో గాలి రంధ్రమో ఉంటది, అది పనిచేస్తుందో లేదో చెయ్యి పెట్టి చూసుకున్నాకే సామాను సర్దండి, పనిచెయ్యకపోతే అప్పుడే మార్చమనండి, రాత్రి పదకొండుకి అడిగితే నాలాంటోడు నిద్రమొహంతో రేపు చూద్దాం అంటాడు.

కింద పాడా పైనా అంటే, మీ చెల్లి సముద్రం మనిషి కాబట్టి ఆమెని కింద పెట్టండి, మీరు పైన. పైన ఇసక పడదు, దారిన పోయేవాళ్ళు తెరకి తగలరు. నిచ్చెన మాత్రం తడికాళ్ళతో ఎక్కొద్దు. రూములోంచి బయటికి రెండో దారి ఎటు ఉందో మొదటిరోజే ఒకసారి నడిచి చూసుకోండి.

బిల్లు కూడా చూడండి, రోజుకి 7500 లోపు రూములకి జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం, పాత 12 వేస్తే అడగండి (ఆడిటర్ ఆఫీసు మనిషికి నేను చెప్పేదేంది). టవల్‌కి విడిగా అద్దె ఉంటది, ఇంటి నుంచి పల్చటి తుండుగుడ్డ తీసుకుపోండి, మందంది వద్దు, ఆరదు.

ఒంగోలు_అమ్మడు:

అయ్య బాబోయ్ ఇంత చెప్తారనుకోలా, థాంక్యూ అందరికీ. తిరుమల పాయింట్ పనిచేసింది సైడ్ అప్పర్ గారూ, అమ్మ "అక్కడంటే దేవుడుంటాడు" అంది గానీ గొంతు తగ్గింది. ఫోన్ చేసి కుళాయి ఉందా అని అడిగితే అవతల అబ్బాయి రెండు సెకన్లు ఆగి "ఉంది మేడమ్, ఇంతవరకూ ఎవరూ అడగలా" అన్నాడు. తీగ కూడా ఉందంట, డాబా తొమ్మిదిన్నరకి మూస్తారంట. ఆడోళ్ళ రూమే బుక్ చేశాం.

ఒకటే డౌట్, సెరెనిటీ బీచ్ నుంచి పాండి ఊళ్ళోకి నడిచి పోవచ్చా?

సైడ్_అప్పర్:

నడవలేరు. పైగా అది పాండిచ్చేరి కాదు, కొట్టకుప్పం, తమిళనాడు విల్లుపురం జిల్లా కింద ఉంటది, ఊరికి ఉత్తరాన. ఆటోలోనే పోవాలి, రాత్రి రేటు పగటి రేటు వేరు, స్కూటీ నడపడం వస్తే అద్దెకి తీసుకోండి. ఊళ్ళో ప్రోమనాడ్ రోడ్డు మీద సాయంత్రం నుంచి పొద్దున దాకా బండ్లు రానివ్వరు, అక్కడ హాయిగా నడవొచ్చు, కానీ అది చాలావరకు బండరాళ్ళ గట్టు, హార్బరు కట్టాక ఇసక కొట్టుకుపోయింది, దిగి ఆడుకునే బీచ్ అనుకోవద్దు. మీ చెల్లికి చెప్పండి, సెరెనిటీలో సర్ఫింగ్ నేర్పుతారు, సర్ఫింగ్ చేస్తారంటే అలలు ఎట్టుంటాయో ఆలోచించుకోమనండి. మన కొత్తపట్నం లాంటిదే, మోకాలి లోతులోనే లాగేసుద్ది.

పెన్నాగట్టు:

ఇంత దూరం ఎందుకు పోతుండాం మనం, మన మైపాడులో ఇట్టాంటిది ఒకటి ఉంటే ఎంత బాగుండు. నెల్లూరు నుంచి ముప్పావుగంట. పొద్దున చేపల పడవలు వచ్చేది చూసి, పులుసు తిని, మళ్ళా పడుకోవచ్చు.

రిసెప్షన్_మాజీ:

మైపాడైనా కొత్తపట్నమైనా మా పాకల బీచైనా జనం ఆదివారం పొద్దున వస్తారు, క్యారేజీ తెచ్చుకుంటారు, సాయంత్రానికి ఇంటికి పోతారు. పడుకునేవాడు లేకుండా పాడ్ ఎవడికి. మిగతా ఆరు రోజులు పాడ్‌లకి ఉప్పుగాలి కొడుతుంటే తుప్పు తుడుచుకోడానికే ఒక మనిషి కావాలి. నేను లెక్కలు వేసి చూసే వదిలేశా, మా నాన్న కూడా నవ్వాడు.

ఒంగోలు_అమ్మడు:

అప్‌డేట్ పెడుతున్నా, నిన్న రాత్రే ఇంటికి తిరిగొచ్చాం.

రూము బాగుంది, నాతో కలిపి ఆరుగురం, కోయంబత్తూరు పిల్లలు ఇద్దరు, ఒక ఫ్రెంచి ఆవిడ, బెంగళూరు నుంచి ఒక డాక్టరమ్మ. చున్నీ క్లిప్పులు సూపర్ ఐడియా పెన్నాగట్టు అక్కా, డాక్టరమ్మ చూసి రెండు క్లిప్పులు అప్పు తీసుకుంది. కుళాయి నిజంగానే ఉంది, దానికి నీళ్ళే సన్నగా వస్తాయి. డాబా తొమ్మిదిన్నరకి మూస్తారని తెలిసి కూడా రెండో రోజు మేం పదింటికి వచ్చాం, మా చెల్లి చుడీదార్ తడిది రాత్రంతా బాత్రూములో కొక్కేనికి వేలాడింది, మర్నాటికి కూడా ఆరలా, ఆఖరికి ఆ తడి మూటతోనే రైలెక్కాం, బోగీలో పక్కనావిడ రెండుసార్లు ముక్కు చిట్లించింది.

కందుకూరు బాబాయ్ గారూ, ఆడవాళ్ళ రూములో గురక ఉండదన్నారు కదా. మొదటి రాత్రి ఒంటిగంటకి మొదలైంది, మొత్తం రూము కదిలినట్టు. ఫ్రెంచి ఆవిడేమో అనుకుని నేను తిట్టుకుంటా పడుకున్నా, కాసేపటికి తెర తీసి కిందకి చూస్తే మా చెల్లి. అప్పటికే ఆ ఫ్రెంచి ఆవిడ కూడా తెర తీసి దాన్నే చూస్తోంది. నేను గబుక్కున తెర వేసుకుని, పొద్దున లేచాక ఎవరో రాత్రి బాగా గురక పెట్టారు కదా అని నేనే అందరితో అన్నా. దానికి ఇంతవరకూ చెప్పలా, ఈ గ్రూపు చూడదులే.

కందుకూరు_గురక:

ఆ పాపకి నా నమస్కారాలు చెప్పమ్మా, కారణం చెప్పొద్దు.